మామ్మ చెప్పిన ఉత్తరం

పోయిన నెలలో ఒక పొద్దున్న అమ్మ ఫోన్ చేసింది. నేను పాతపట్నంలో మా బడి వరండాలో కూర్చుని ఆరో తరగతి పిల్లల నోటు పుస్తకాలు దిద్దుతున్నాను. బడి వేళలో అమ్మ ఎప్పుడూ ఫోన్ చేయదు. "మామ్మ ఎల్లిపోనాదే" అంది. ఎక్కడికి అని అడిగాను. నిజంగానే అడిగాను. ఆమె ఊరు దాటి వెళ్ళే మనిషి కాదు గనుక ఏ ఆసుపత్రికో తీసుకెళ్ళారేమో అనుకున్నాను. అమ్మ, "రెండ్రోజులు జొరం. పొద్దున్న టీ అడిగింది. కలిపి తెచ్చేలోపు అయిపోనాది" అని చెప్పింది.

పాతపట్నం నుంచి శ్రీకాకుళం, అక్కడ బస్సు మారి చీపురుపల్లి. నేను చేరేసరికి తీసుకెళ్ళిపోయారు. ఇంటి ముందు కడిగిన తడి ఇంకా ఆరలేదు. ఆఖరి చూపు దక్కలేదని ఏడ్చాను గానీ, నా ఏడుపు అందుకు మాత్రమే కాదు. ఆమెతో చెప్పుకోవలసిన మాట ఒకటి నాలుగేళ్ళుగా నా దగ్గర ఉండిపోయింది. దసరా సెలవుల్లో చెబుదామని, వేసవి సెలవుల్లో చెబుదామని వాయిదా వేసుకుంటూ వచ్చాను. ఇప్పుడు చెప్పడానికి మనిషి లేదు. అందుకే మీతో చెబుతున్నాను.

మామ్మ మాకు చుట్టం కాదు, మా వీధి మనిషి. చీపురుపల్లి బజారు వెనక ఒక షావుకారి గోనెల కొట్టు ఉంది. ధాన్యం మోసి చిరిగిపోయిన పాత గోనె సంచులు అక్కడికి కట్టలుగా వస్తాయి. ఏడెనిమిది మంది ఆడవాళ్ళు నేల మీద కూర్చుని వాటిని దులిపి, చిరుగు ఉన్నచోట ముక్క వేసి, దబ్బనంతో పురికొస లాగి కుడతారు. బాగుపడిన సంచి మళ్ళీ మిల్లుకి పోతుంది. మా అమ్మ ఆ కుట్టేవాళ్ళలో ఒకతె. మామ్మ వాళ్ళందరికంటే వయసులో పెద్దది, అందరికంటే ముందు ఆ కొట్లో చేరినది. నార దుమ్ముకి ఆమె గొంతు ఎప్పుడూ కొంచెం బొంగురుగా ఉండేది.

ఆమె కూర్చునే చోట, తలకి పైన, గోడ మేకుకి రేడియో వేలాడుతూ ఉండేది. వెనక మూత ఊడిపోతే పురికొస చుట్టి ముడి వేసింది. పొద్దున్న పొలం కబుర్లు, మధ్యాహ్నం ఆడవాళ్ళ కార్యక్రమం, ఆదివారం నాటకం, గురువారం సాయంత్రం శ్రోతల ఉత్తరాలు. సర్కారు రేడియో తప్ప మరొకటి పెట్టనిచ్చేది కాదు. షావుకారు మొదట్లో విసుక్కునేవాడట. "మీరు పనికొచ్చేరా, పాటలకొచ్చేరా?" అంటే, మామ్మ తల ఎత్తకుండా, "సేతులు నీకిచ్చేం గదా బాబూ, సెవులు కూడా నీకేనేటి?" అందట. కొన్నాళ్ళకి ఆదివారం నాటకం వేళకి ఆయనే వచ్చి గుమ్మంలో నిలబడేవాడు.

బడి వదలగానే నేను ఆ కొట్టుకే వెళ్ళేదాన్ని. గోనెల కుప్ప మీద పుస్తకాలు పరుచుకుని లెక్కలు చేసుకునేదాన్ని. మా ఇంట్లో అటు అమ్మ వైపు గానీ ఇటు నాన్న వైపు గానీ నాకు ముందు బడి గడప తొక్కినవాళ్ళు లేరు. చదువు విషయం ఎవరినైనా అడగాలంటే అడగడానికి ఎవరూ ఉండేవారు కాదు. నాకు తెలియని చాలా సంగతులు ఆ రేడియోలోనే విన్నాను. మామ్మకి అక్షరం రాదు గానీ, వినడం వచ్చు. నాటకం అవుతుంటే, "ఆ అత్త ఏసం ఏసినావిడకి ఈయాల జలుబు సేసింది" అనేది. వార్తలు చదివే ఒకాయన గురించి, "ఈ బాబు కూడు తిని సదవడు, ఆకలితో సదివేస్తాడు. సివర్లో ఎలా పరిగెడతాడో సూడు" అనేది. అప్పటి నుంచి ఆయన గొంతు వింటే నాకూ ఆకలి వినబడేది.

నేను ఏడో తరగతిలో ఉండగా ఒక ఆదివారం నాటకం చివరి ఐదు నిమిషాలు రాకుండానే ఆగిపోయింది. టైము అయిపోయిందని చెప్పి పాట వేశారు. తప్పిపోయిన కూతురు దొరికిందో లేదో తెలియలేదు. కొట్లో అందరూ తిట్టుకున్నారు. మామ్మ మాత్రం నా వైపు తిరిగింది.

"ఒసే గుంటా, నీకు ఉత్తరం రాయడం వొచ్చునేటే?"

బడిలో సెలవు చీటీ తప్ప నేనేమీ రాసి ఎరగను. అయినా వచ్చు అన్నాను. మర్నాడు కార్డు తెప్పించింది. కుడుతూనే చెప్పేది, నేను రాసేదాన్ని. పురికొస అయిపోయి ముడి వేసేటప్పుడు, "ముడేసేను, సుక్క ఎట్టు" అనేది. ఆమె ముడి వేసినచోట నేను వాక్యం ముగించాలి. ఒక్కోసారి పురికొస పొడుగ్గా ఉంటే వాక్యం కార్డు సగం దాకా పోయేది. నేను నవ్వితే, "తాడు ఉన్నంత వొరకూ మాట ఉంటాది మరి" అనేది.

ఆమెకి ఒక నియమం ఉండేది. "బాగున్నది ముందు సెప్పాల. నేకపోతే తిట్టడానికే వొచ్చేమనుకుంటారు." అందుకని ఆ కార్డులో మొదట నాటకంలో తల్లి వేషం వేసినామెని మెచ్చుకుంది. ఆ తర్వాతే, "ఆ పిల్ల దొరికిందా నేదా సెప్పండి బాబూ, మాకు కూడు ఎక్కట్లేదు" అంది. నాకు అప్పట్లో వేరే భాష రాదు. ఆమె అన్నది అన్నట్టే రాశాను.

రెండు గురువారాలు పోయాక ఆ ఉత్తరం చదివారు. చీపురుపల్లి నుంచి అని చెప్పి, ఆమె పేరు చదివారు. పక్కన కుడుతున్న పైడమ్మ పిన్ని, "మనూర్లో ఆ పేరుగలది ఎవుల్తే?" అంది. "నానేనే సచ్చినదానా!" అంది మామ్మ. పాతికేళ్ళు పక్కపక్కన కూర్చున్నా ఆమె అసలు పేరు ఎవరికీ తెలియదు. అందరూ ఒకటే నవ్వు. ఆ నవ్వులో, పిల్ల దొరికిందని రేడియోవాళ్ళు చెప్పిన మాట సగం వినబడలేదు. మామ్మ మాత్రం విన్నది. "దొరికిందట. కూడు తినండి" అంది.

ఆ తర్వాత నెలకి ఒకటో రెండో ఉత్తరాలు రాశాం. వేరుశనగ పురుగు గురించి అడిగాం. మధ్యాహ్నం కార్యక్రమంలో ఎప్పుడూ పట్నం వంటలే చెబుతున్నారు, మేం తాగే చోడి అంబలి, అదే రాగి అంబలి, గురించి చెప్పండి అన్నాం. కొన్ని చదివారు, కొన్ని చదవలేదు. చదవనివాటి గురించి ఆమె బాధపడేది కాదు. "ఆల్లకి ఊరూరి నుంచీ వొస్తాయి గదా" అనేది.

నేను పది పాసయ్యాక నాన్న ఇక చాలన్నాడు. నన్ను కొట్లో కూర్చోబెట్టాలని అమ్మ కూడా ఒప్పేసుకుంది. ఆ సాయంత్రం మామ్మ మా ఇంటికి వచ్చి గుమ్మం మీదే నిలబడింది. "దీన్ని మానిపించీస్తే నా ఉత్తరాలు ఎవుల్రాస్తారు? నువ్వు రాస్తావేటి?" అని నాన్నని అడిగింది. నాన్న నవ్వాడు. ఆమె నవ్వలేదు. "నాను తమాసాకి అనట్లేదు. దీని సేతి మాట రేడియోలోకెల్లి మల్లీ ఈ ఊరొచ్చింది. అలాటి సేతికి దబ్బనం ఇస్తావేటి?" అంది. నాన్న రెండు రోజులు ఏమీ తేల్చలేదు. మూడో రోజు కాలేజీ దరఖాస్తు తెచ్చుకోమన్నాడు. ఈ రోజు నేను పిల్లలకి పాఠం చెబుతున్నానంటే ఆ సాయంత్రం గుమ్మంలో నిలబడిన మనిషి వల్ల.

రేడియో మారడం ఏ రోజు మొదలైందో చెప్పలేను. మొదట నాటకం మధ్యలో నగల దుకాణం పాట వచ్చింది. తర్వాత నాటకం అరగంటకి తగ్గింది. తర్వాత ఆదివారం నుంచి తీసేసి ఎప్పుడు వేస్తారో తెలియకుండా చేశారు. పొలం కబుర్ల మధ్య పురుగు మందుల కంపెనీవాళ్ళ మాటలు వచ్చాయి. శ్రోతల ఉత్తరాలకి ముప్పావుగంట ఉండేది, పదిహేను నిమిషాలైంది. పైడమ్మ పిన్ని, "మార్చీయవే మామ్మా, వేరేది ఎట్టు. ఈల్లూ సంతే, ఆల్లూ సంతే" అనేది. మామ్మ ఒప్పుకునేది కాదు. "సంతకి మనం ఎల్తాం. ఇది మనింటికొచ్చిన మనిషి. మనింట్లో కూకుని మనకే అమ్మడమేటని అడగాల గానీ, తలుపేసీసుకుంటామేటి?" అనేది.

ఉత్తరాలు రాస్తూనే ఉన్నాం. నాటకం మధ్యలో తెంచవద్దని రాశాం. ప్రకటనల గోల పెద్దగా, వార్తల గొంతు చిన్నగా వస్తోందని రాశాం. అవి చదవలేదు.

అప్పుడే మధ్యాహ్నం పూట ఒక కొత్త కార్యక్రమం మొదలైంది. నెమ్మదిగా, దయగా మాట్లాడే ఒక గొంతు. డాక్టరుగారు అని పరిచయం చేస్తారు. మోకాళ్ళ నొప్పులు, తిమ్మిర్లు, చక్కెర జబ్బు, అన్నిటికీ ఒకే చూర్ణం. శ్రోతలు ఫోన్ చేసి తమకు తగ్గిపోయిందని చెబుతారు. అది కంపెనీవాళ్ళు సొమ్ము కట్టి వేయించుకునే కార్యక్రమం. చివర్లో చాలా వేగంగా, ఒక్క మాటలో, ఆ సంగతి చెప్పేవారు కూడా. ఆ మాట కొట్లో ఎవరికీ అర్థం కాలేదు. పోలియో చుక్కలు వేయించమని చెప్పింది ఆ రేడియోనే, తుఫాను వస్తోంది జాగ్రత్త అని చెప్పిందీ అదే. అమ్మకి అప్పటికే చక్కెర జబ్బు, మోకాళ్ళ నొప్పులు. మామ్మే అమ్మతో, "రేడియోలో సెప్పేరంటే గవుర్నమెంటు డాక్టరే. తెప్పించుకోయే" అంది.

అమ్మ తెప్పించుకుంది. అన్నిటికీ అదే మందని చెప్పారు గనుక చక్కెర బిళ్ళలు మానేసింది. నేను విజయనగరంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను, నాకు తెలియదు. నెలా పదిహేను రోజులకి అమ్మ గోనెల మీదే పడిపోయింది. ఆసుపత్రిలో వారం రోజులు ఉంచారు. పెద్ద డాక్టరు నన్ను పట్టుకుని కేకలేశాడు. ఇంట్లో చదువుకున్నదానివి నువ్వు ఉండి ఏం చేస్తున్నావని అడిగాడు.

ఆ వారం మామ్మ రోజూ ఆసుపత్రికి వచ్చింది. మంచం పక్కన కూర్చోదు, గోడ దగ్గరే నిలబడేది. అమ్మ లేచి కూర్చున్న రోజున నన్ను బయటికి పిలిచింది. "నాను సెప్తేనే తాగిందే మీయమ్మ. నన్ను సూసి నమ్మింది. నాను ఆల్లని సూసి నమ్మేను" అంది. ఆమె కళ్ళలో నీళ్ళు నేను చూడడం అదే మొదలు. ఆ మాట తర్వాత ఒక దినపత్రిక తెమ్మంది. అందులో ప్రకటనలు ఎలా ఉంటాయో చూపించమంది. చూపించాను. గీత గీసిన గళ్ళ మీద వేలు పెట్టి తిప్పింది.

"ఇదేటి?"

"ప్రకటన మామ్మా. చుట్టూ గీత గీస్తారు, లోపలున్నది అమ్మేవాళ్ళ మాట అని తెలియడానికి."

"మరి రేడియోలో గీత ఏదే?"

నేను పత్రిక మడవబోతే ఆపింది. "అదే రాయాల" అంది.

అమ్మ ఇంటికొచ్చి, కొట్లో గోడకి చేరబడి కూర్చున్న రోజు మామ్మ చెప్పింది. ఈసారి కుడుతూ చెప్పలేదు. సంచి పక్కన పెట్టి చెప్పింది. నేను చిత్తు కాగితం మీద రాసుకున్నాను. అది ఇప్పటికీ నా దగ్గర ఉంది. "మీ వానల కబురు బాగున్నాది, సెప్పింది సెప్పినట్టు అయ్యింది. ఇకపోతే మోకాళ్ళ మందు. మీరు సెప్పేరని నాను నమ్మేను, నాను సెప్పేనని నా పక్కదాయి నమ్మింది. అది బిళ్ళలు మానీసి సచ్చి బతికింది. పేపర్లో అమ్మేవోడి మాట సుట్టూ గీత ఉన్నాది. రేడియోలో గీత ఏది బాబూ? మీరు సెప్పేది ఏదో, మీకు సొమ్మిచ్చినోడు సెప్పేది ఏదో మాకెలా తెలుస్తాది? సదువు నేనోల్లం, సెవులతోటే సదువుతాం. అమ్ముకోండి, వొద్దనను. ఇది అమ్మకం అని ముందు సెప్పి అమ్ముకోండి. కంగారుగా సివర్న కాదు, ముందు."

ఇప్పుడు నేను నాలుగేళ్ళుగా చెప్పలేని మాట చెప్పాలి.

ఆ వారమే మా కాలేజీ నోటీసు బోర్డులో ఒక ప్రకటన చూశాను. అదే రేడియో కేంద్రంలో తాత్కాలికంగా పనిచేసే అనౌన్సర్లు కావాలని. నేను దరఖాస్తు పెట్టుకున్నాను. నా చిన్నతనమంతా ఆ గొంతుల కింద గడిచింది, ఆ గొంతుల్లో ఒకటి నాదైతే బాగుండునని నాకెంత ఆశగా ఉండేదో రాయలేను. దరఖాస్తు మీద ఉన్నది నా చేతిరాత. వీధి పేరు అదే, ఊరు అదే. ఈ ఉత్తరం, ఆ దరఖాస్తు ఒకే బల్ల మీదకి వెళతాయని, ఎవరో ఒకరు రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారని భయపడ్డాను. ఆఫీసులు ఎలా పనిచేస్తాయో తెలిసిన ఇంట్లో పుట్టి ఉంటే ఆ భయం కలిగేది కాదేమో. మాకు చెప్పేవాళ్ళు లేరు.

హాస్టల్లో కూర్చుని ఉత్తరం మార్చి రాశాను. 'మీరు ప్రసారం చేస్తున్న ఆరోగ్య కార్యక్రమాలను మా ప్రాంత శ్రోతలు ఆసక్తిగా ఆలకిస్తున్నారు. వాటి విషయంలో మరికొంత స్పష్టత పాటించగలరని మనవి.' కింద మామ్మ పేరు రాసి పోస్టులో వేశాను. అమ్మ పడిపోయిన సంగతి అందులో లేదు. గీత లేదు.

సెలవుకి ఇంటికొచ్చిన గురువారమే దాన్ని చదివారు. నేను కొట్లోనే ఉన్నాను. ఉన్నది ఉన్నట్టు చదివి, "మా ఆరోగ్య కార్యక్రమాలను ఇంతగా ఆదరిస్తున్న శ్రోతకు కృతజ్ఞతలు" అన్నారు. వెంటనే ఆ చూర్ణం ప్రకటన వేశారు.

మామ్మ రేడియో వైపు చూసి, నా వైపు చూసింది.

"నాను సెప్పింది ఇదేనేటే గుంటా?"

"కుదించి చదివేశారు మామ్మా" అన్నాను.

"కుదించీసేరా" అంది. సంచి ఒళ్ళోకి లాక్కుంది.

నన్ను పరీక్షకి పిలవనేలేదు. దరఖాస్తు అందిందని కూడా ఎవరూ రాయలేదు. ఆ తర్వాత సెలవులకి వచ్చినప్పుడల్లా, ఏమైనా రాయమంటావా మామ్మా అని అడిగేదాన్ని. "ఇంకేటి రాస్తాంలే, నీ సదువు సూసుకో" అనేది. ఆమెకి ఆ రేడియో మీదున్న నమ్మకాన్ని చంపింది రేడియోవాళ్ళు కాదు, నేను. నా తప్పు వాళ్ళ మీద పెట్టాను. నాకు ఉద్యోగం వచ్చి పాతపట్నం వెళ్ళేటప్పుడు ఆమె చాలా సంతోషించింది, నా నెత్తి మీద చెయ్యి పెట్టింది. ఆ చేతి కింద కూడా నేను చెప్పలేదు.

పోయిన నెల, మూడో రోజు కార్యం అయిన సాయంత్రం, అమ్మ పక్కన కూర్చుని మొదటిసారి నోరు విప్పాను. అంతా చెప్పాను. అమ్మ బియ్యం ఏరుతూ వింది. ఆశ్చర్యపడలేదు.

"అది మామ్మకి ఆరోజే తెలుసు గదే" అంది.

నేను అమ్మ వైపు తిరిగాను.

"నువ్వెల్లిపోయేక కొట్లో అందర్తోటీ అన్నాది. 'ఆల్లు కుదిస్తే నా మాటలే రెండో మూడో మిగలాల గదా. ఒక్కటీ నేదు. అయన్నీ మన గుంట మాటలే. రేడియో ఉజ్జోగం మీద ఆస ఎట్టుకుంది, బయపడుంటాది. ఎవులూ దాన్నేటీ అడక్కండి' అనీసింది."

"మీ అందరికీ తెలుసా?"

"అందరికీ తెలుసు. మామ్మ అడగొద్దన్నాది, మేం అడగనేదు."

నాలుగేళ్ళు. నేను వచ్చిన ప్రతి సెలవుకీ ఆ కొట్లోకి వెళ్ళి, గోనెల మీద కూర్చుని, వాళ్ళు ఇచ్చిన టీ తాగాను. ఒక్కరి ముఖంలోనూ ఏమీ కనబడలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదని వేరే చెప్పక్కర్లేదు.

మర్నాడు మధ్యాహ్నం అమ్మతో కొట్టుకి వెళ్ళాను. మామ్మ చోటు ఖాళీగా ఉంది, పైన రేడియో మోగుతోంది. ఆడవాళ్ళ కార్యక్రమం అయింది. ఏదో సంగీతం వచ్చింది. మళ్ళీ అదే దయగల గొంతు, లేకపోతే అలాంటిదే మరొకటి, ఈసారి మరేదో మందు. పైడమ్మ పిన్ని తల ఎత్తకుండా, "అమ్మకం మొదలైంది" అని గట్టిగా అంది. ఎవరూ ఆమె వైపు చూడలేదు. అదేదో రోజూ జరిగేదే అన్నట్టు కుడుతూనే ఉన్నారు. పావుగంట తర్వాత ఆ గొంతు ఆగగానే, మూల నుంచి మరొకామె, "అయిపోనాది. ఇంక ఇనండి" అంది.

ఇదేమిటని అడిగాను.

"మామ్మ ఎట్టిన పద్దతి" అంది పైడమ్మ పిన్ని. "ఆ ఉత్తరం అయిన కాడ నుంచీ. పొలం కబుర్లైనా సరే, మద్దెలో మందులోడొస్తే సెప్పీసేది. నువ్వు కొట్లో ఉంటే మాత్రం సెప్పొద్దనేది. తనకి జొరమొచ్చిన రోజు ఇంటి కాడ నుంచి కబురెట్టింది, 'నాను రాట్లేదు, ఎవులో ఒకలు సెప్పండి' అని. ఎందుకే మామ్మా రోజూ ఈ గోల అంటే, 'ఉత్తరం ఎల్లనేదు గదే. ఎల్లిందాకా ఎవులో ఒకలు సెప్పాల గదా' అనేది."

అక్కడే కూర్చున్నాను. నా చేతిసంచిలోంచి కాగితాలు తీశాను. పాత చిత్తు కాగితం కూడా తెచ్చుకున్నాను. అందులో ఉన్నది ఉన్నట్టు, పెద్ద అక్షరాలతో రాసి, వాళ్ళకి గట్టిగా చదివి వినిపించాను. మామ్మ చెప్పిన రోజు వాళ్ళందరూ అక్కడే ఉన్నారు.

"'బాబూ' అని ఒక్కసారే రాసేవేటే? మామ్మ మాటకో బాబూ అంటాది" అంది ఒకామె.

"'సచ్చి బతికింది' కాదు," అంది పైడమ్మ పిన్ని, "'సచ్చి ఊరుకునేది, మొండిది గనక బతికింది' అన్నాది. నువ్వు అమ్మ ముందు మొకమాటపడి రాసుకోనేదు."

"నన్నలా అందేటి ముసల్ది?" అంది అమ్మ.

"నీ ఎదురుగానే అన్నాది. నీకప్పుడు సెవులు పనిసెయ్యనేదు."

నవ్వారు. అమ్మ కూడా నవ్వింది, నవ్వుతూనే కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. నేను 'మొండిది' అని చేర్చాను.

చివర్లో, 'ఈ ఉత్తరం చెప్పినామె ఇప్పుడు లేదు. నాలుగేళ్ళ కిందట ఆమె చెప్పింది నేను మార్చి రాశాను. మీరు చదివినది ఆమె మాట కాదు, నాది. ఆమె మాట ఇది' అని రాశాను. రాసినది అని నా పేరు, మా బడి చిరునామా పూర్తిగా రాశాను. ఇవన్నీ ఆడవాళ్ళకి చదివాను. పైడమ్మ పిన్ని, "సుక్క ఎట్టీసేవా?" అని అడిగింది.

షావుకారు లోపల నుంచి సిరా పెట్టె తెచ్చి ఇచ్చాడు. పైడమ్మ పిన్ని బొటనవేలు అద్ది, కాగితం మీదికి తెచ్చి, నా పేరు కింద ఎక్కడ వేయాలో తెలియక ఆగింది.

"మొదట నానేనేటి?"

"కొంచెం కిందికి ఎయ్యి" అంది అమ్మ.

తర్వాత వేసినవాళ్ళకి ఎవరూ చెప్పలేదు. ఒకరి పక్కన ఒకరు, ఆ కిందనే వేశారు. అమ్మ ఆఖర్న వేసింది. ఆమె సంతకం చేయడం నేర్చుకుంది, అయినా వేలే అద్దింది.

మర్నాడు పొద్దున్న పాతపట్నం బస్సు ఎక్కే ముందు దాన్ని పోస్టులో వేశాను. కవరు అంటించే ముందు ఒకసారి విప్పి చూశాను. నార దుమ్ము గీతలు పడిన ఏడు నీలి వేలిముద్రలు, వాటి పైన, ఒక వేలు పట్టేంత తెల్లటి చోటు.